కేకుల కొట్లో పెట్టెలమ్మ

ఫ్యాక్టరీలో పొద్దస్తమానం కేకుల్ని అట్టపెట్టెల్లో సర్దుతుంది కాబట్టి ఆమెకు పెట్టెలమ్మ అని పేరు పడింది. ఊరంతా తినే కేకులు ఆమె చేతుల మీదుగానే పోతాయి. కొట్లోకి వెళ్లి తను ఒక్కటి కొన్న పాపాన పోలేదు. కొట్లో వాళ్లకి తెలుగు రాదు, అంతా ఇంగ్లిషే. కోడలు మాట్లాడుతుంటే పక్కన మూగదానిలా సంచీ పట్టుకుని నిలబడేది.

ఈసారి మనవరాలి పుట్టినరోజు. కేకు నేనే అడిగి కొంటానని పిల్లకు మాటిచ్చేసింది.

"నేనూ వస్తాలే అత్తయ్యా. అక్కడ నోరు పెగలకపోతే నలుగుర్లో నవ్వులపాలవుతాం," అంది కోడలు.

"నువ్వు రోడ్డుకి అవతలే ఉండు. లోపల అడుగు పెట్టావో, నీతో మాట్లాడను."

ఆమె ధైర్యమంతా ఫ్యాక్టరీలో సాయంత్రం పూట జరిగే ఇంగ్లిషు క్లాసు. ప్యాకింగ్ హాలు వెనక గదిలో టీచరమ్మ ఖాళీ డబ్బాలు బల్ల మీద పేర్చి కొట్టు ఆట ఆడించేది. కేక్, బిస్కెట్, చాక్లెట్, జామ్ రోల్. "ఐ వాంట్ వన్ కేక్, ప్లీజ్." పెట్టెలమ్మ అంట్లు తోముతూ కూడా అదే వల్లించేది.

పుట్టినరోజు నాడు కొట్టు గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. కౌంటరు అమ్మాయి ముందు నిలబడి గడగడా అప్పజెప్పింది. ఒక్క అక్షరం తడబడలేదు! అమ్మాయి నవ్వి, పక్కనున్న అర చూపించి, నచ్చింది తీసుకోమని సైగ చేసింది.

అక్కడే కొంప మునిగింది. పెట్టె తగలగానే చేతులు డ్యూటీ ఎక్కేశాయి. మూత నొక్కాయి, అంచులు తడిమాయి. మూల నలిగింది. ఫ్యాక్టరీలో నలిగినదాన్ని ఎడమ పక్కకి తీసెయ్యాలి. తీసేసింది. ఎడమ పక్కన ఉన్నది కౌంటరు. ఇంకోదానికి టేపు వదులు. అదీ ఎడమకే. మరోదానికి మూత సొట్ట. చివరికి మంచిది చంకన పెట్టుకుని తలెత్తేసరికి, అమ్మాయి ఆ పెట్టెలన్నీ సంచుల్లో వేసి బిల్లు కొట్టేస్తోంది.

పెట్టెలమ్మకు ముచ్చెమటలు పట్టాయి. కావాలి అనడం నేర్పారు. వద్దు అనడం ఎవరు నేర్పారు? కష్టజీవుల చేతికిచ్చే పాఠాలన్నీ ఇంతే. ప్లీజుతో మొదలై థాంక్యూతో ముగుస్తాయి.

అద్దం అవతల కోడలు రోడ్డు మీదకి కాలు వేసింది.

పెట్టెలమ్మ చెయ్యెత్తి ఆమెను ఆపింది. నో అనే ముక్క తెలియక కాదు. సూపర్‌వైజరు నోట రోజూ వినేదే. తన నోట ఎన్నడూ రాలేదు, అంతే.

"నో," అంది. గొంతు తనకే కొత్తగా ఉంది. బాగుంది కూడా. సంచుల్ని ఒక్కొక్కటిగా వేలితో చూపించింది. "నో కేక్. నో కేక్. నో కేక్." చంకలోది ముందుకు తోసింది. "వన్ కేక్. ప్లీజ్."

అమ్మాయి సారీ చెప్పి సంచులు ఖాళీ చేసింది.

బయట కోడలు చెయ్యి పట్టుకుంది. "ఏమన్నావు అత్తయ్యా?"

"వద్దన్నా."

"అంతేనా?"

"అంతేనంటావేమే, నా జన్మకి ఇప్పటికి కుదిరింది."

మర్నాడు క్లాసులో బల్ల చరిచింది. "టీచరమ్మా, ముందు వద్దు నేర్పు. కావాలి సంగతి తర్వాత చూద్దాం."

ఆ సాయంత్రం గదిలో ఆడవాళ్లందరూ డబ్బాలు వెనక్కి తోస్తూ ఒక్క గొంతుతో నో అంటుంటే, హాల్లోంచి సూపర్‌వైజరు పరుగున వచ్చి తొంగిచూశాడు.

"ఏం లేదు బాబూ," అంది పెట్టెలమ్మ, "కేకులు కొంటున్నాం."