వలిసె నూనె బొమ్మ

"కదలకు సోములమ్మా! తల ఇటు తిప్పకు!" గట్టు మీద నుంచి గణపతిరావు మాస్టారు కేకేశారు.

సోములమ్మ కదల్లేదు. పసుప్పచ్చగా విరగబూసిన వలిసె చేను నడుమ, నెత్తిన ఖాళీ బుట్టతో, మంచు వీడని అరకు కొండలకేసి చూస్తూ నిలబడే ఉంది. రిసార్టులో ఆమె పని గదులు ఊడవడం. పూల కాలంలో మాత్రం, నూనె రంగులు నేర్చుకోవడానికి విశాఖ నుంచి వచ్చేవాళ్ళ ఎదుట ఇలా నిలబడాలి. రోజూ కట్టే నైలాన్ చీర పనికిరాదట. ఎర్రచీర మోకాళ్ళ పైకి కట్టి భుజం మీద ముడి వేసుకోవాలి. ఆ కట్టు ఆమె తల్లితోనే పోయింది. అయినా అడిగేదెవరు? వంటగది వెనక ఆమె ఉండే రేకుల గది రిసార్టు వాళ్ళదే, తినే ముద్దా వాళ్ళదే. కుడితిలో పడ్డ ఎలుక బతుకు.

"మనిషిని గీయకండి, వెలుగుని అద్దండి," మాస్టారు శిష్యులకు చెప్తున్నారు. "ఆ మనిషంటారా, ఎర్రగా ఒక మచ్చ, నల్లగా ఒక మచ్చ. అంతే."

అంతేనట! ఏళ్ళ తరబడి ఆ మాట విని సోములమ్మకు ఒళ్ళు మండేది. ఆ మంటలోంచే తనూ ఒక బొమ్మ వెయ్యాలన్న కోరిక పుట్టింది. మాస్టారు మంచివారే. అడగ్గానే నవ్వి, సగం పిండేసిన రంగు గొట్టాలూ ఒక అట్టా ఇచ్చారు. కొండలకు నీలం, చేనుకు పసుపు అద్దింది. రంగు మరీ గట్టిగా తగిలితే, నూనె రంగన్నాక నూనే కదా అని, అక్క పంపిన వలిసె నూనె ధారాళంగా కలిపింది. చేను మెరిసిపోయింది. కానీ ఆరితే ఒట్టు.

మధ్యాహ్నం గది ముందు దాన్ని ఎండకు పెడుతుంటే వంటమనిషి యర్రమ్మ పకపకా నవ్వింది.

"ఇదేటే, వడియాల్లాగ ఎండేత్తన్నావు?"

"ఆరాల వదినా. ఆరితే పెదబయలు ఎల్లిపోతాను. అక్కకి సూపించాల."

ఏటా వెళ్తాననడం, మేనేజరు 'ఈ క్యాంపు కానీ' అనడం. ఈసారి ఆయన సరేనన్నాడు. బొమ్మే వదలడం లేదు.

"తడిదే పట్టుకెళ్ళు."

"బస్సులో అంతా అంటుకుపోదేటి?"

యర్రమ్మ వంగి చూసింది. "మరిందులో నువ్వెక్కడే?"

"నానింటికెళ్ళిపోనాను," అంది సోములమ్మ, ఎడం చెయ్యి నొక్కుకుంటూ. "పొద్దుట్నించి ఈ రెక్క లాగేత్తంది."

"ఆసుపత్రికెళ్ళవే తల్లీ!"

"సాయంత్రం ఎల్తాను. ఇప్పుడు నిలబడాల."

నిలబడింది. కాసేపటికి గుండె పట్టేసినట్టయింది. బుట్ట దించి, చేలోని రాతికి ఆనుకుని కూర్చుంది.

"మాస్టారూ, కదిలిపోయింది!" ఒకమ్మాయి విసుక్కుంది.

మాస్టారు కళ్ళు చికిలించి చూశారు. "ఉండనివ్వండి. అలాగే బాగుంది."

అందరూ అలాగే వేశారు. ఎండ వాలింది. టీకి పిలిస్తే సోములమ్మ రాలేదు. యర్రమ్మే గ్లాసు పట్టుకుని చేలోకి వెళ్ళి భుజం తట్టింది. "సోములూ, లేవే. సాలించేసినారే." ఎంత కుదిపినా ఆమె కదల్లేదు. యర్రమ్మ కేక విని మాస్టారు కుంచె పారేసి పరుగెత్తారు. ఆ చల్లటి చెయ్యి పట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చారు.

మర్నాడు పెదబయలు నుంచి అక్క వచ్చి చెల్లెల్ని జీపులో తీసుకుపోయింది. బొమ్మ కూడా ఇద్దామని యర్రమ్మ గుడ్డ చుట్టబోతే వేళ్ళకు రంగంటింది. ఆరాక పంపుతానని చెప్పి, మళ్ళీ ఎండలో పెట్టింది.

రేకుల గోడకు ఆనించిన ఆ అట్ట మీద, మనిషి లేని వలిసె చేను ఇంకా తడిగానే ఉంది. నిజం పూలనుకుని వాలిన తేనెటీగ ఒకటి ఆ పసుపులో అంటుకుపోయి రెక్కలాడిస్తోంది.