చివరి గుప్పెడు గుజ్జు

నేను ఒక తెల్లని కాగితాన్ని. అరచేతికంటే కాస్త పెద్దగా ఉంటాను. పుట్టి పదేళ్లయినా నా మీద ఒక్క అక్షరం పడలేదు.

నిజానికి నేను బూడిద కావలసినదాన్ని. పత్తి ఏరాక మిగిలిన కట్టెను చేలోనే కుప్ప పోసి తగలబెట్టడం పరకాల వైపు రైతులకు అలవాటు. అగ్గిపుల్ల గీసేలోపే కాలేజీ ప్రయోగశాలలో పరిశోధన చేసే ప్రసూన వచ్చి ఒక మోపు అడిగింది.

"కాలవెట్టే కట్టె కోసం కారేసుకొని వచ్చినవా బిడ్డా" అని రైతు నవ్వాడు.

కట్టెను ముక్కలు చేసి కాస్టిక్ సోడాలో ఉడికించారు. దాన్ని గట్టిగా నిలబెట్టిన జిగురంతా నల్లటి నీరై పోయింది. తెల్లబరిచాక మిగిలిన మెత్తని గుజ్జే సెల్యులోజ్. అప్పటికే మూడుసార్లు కాగితం పాడైంది. ప్రాజెక్టుకు డబ్బిచ్చే కమిటీ వచ్చేది ఆ మధ్యాహ్నమే. తెల్లని కాగితం చూపించకపోతే ప్రాజెక్టు మూతపడుతుంది.

గుజ్జు కడగడం అటెండరు కొమురెల్లి పని. చిన్నప్పుడు చౌడుమట్టితో ఊరి బట్టలు ఉతికిన మనిషి. గుజ్జును రెండు వేళ్ల మధ్య రుద్ది తల అడ్డంగా ఊపాడు.

"ఇంకా జారుతాంది మేడమ్. సోడా ఇడువలే."

"టైం లేదు కొమురెల్లన్నా. జల్లెడల మీద పోసెయ్."

"చౌడు ఇడువని బట్ట పసుపెక్కుతది. ఇగ మీ ఇష్టం."

నాలుగు కాగితాలు పోశాడు. అడుగున మిగిలిన గుప్పెడు గుజ్జును మాత్రం ఎవరికీ చెప్పకుండా కుళాయి కింద పెట్టి, వేళ్లకు జారుడు తగలనంతవరకు కడిగి, ఒక చిన్న జల్లెడ మీద పోశాడు. అది నేను.

ఆరబెట్టే పెట్టె తెరిచేసరికి ఆ నాలుగూ పసుపెక్కి, అంచులు పెళుసుబారి ఉన్నాయి. ప్రసూన నేల మీద కూలబడింది. కొమురెల్లి కింది అరలోంచి నన్ను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

కమిటీ పెద్దాయన నన్ను వెలుతురుకెత్తి మెచ్చుకుంటుంటే కొమురెల్లి టీ కప్పులు అందిస్తున్నాడు. ప్రాజెక్టు నిలబడింది. నివేదికలో నా పుట్టుకకు దక్కింది ఒక్క ముక్క: 'బాగా కడిగిన తర్వాత'. ఎవరి వేళ్లో రాయలేదు.

నన్ను అద్దాల పెట్టెలో బిగించారు. తర్వాత పుట్టిన కాగితాలను పరీక్షల కోసం చించారు, కాల్చారు, నానబెట్టారు. వాటికి కనీసం మనుషుల చేతులు తగిలాయి. ప్రసూన పెద్ద ఉద్యోగానికి వెళ్లిపోయింది.

పదవీ విరమణ రోజున కొమురెల్లి భుజాన శాలువాతో వచ్చి నా ముందు నిలబడ్డాడు. అలవాటుగా రెండు వేళ్లతో అద్దాన్ని రుద్దాడు. అద్దం నున్నగా జారింది. ఆయన చెయ్యి తీసేసుకున్నాడు.

ఆ జారుడు అద్దానిదే, నాలో సోడా లేదని చెబుదామంటే నాకు నోరు లేదు. చూపిద్దామంటే నా మీద అక్షరమూ లేదు.