టైలరమ్మ సోలో

పెదవుల మధ్య సూది పట్టుకుని, ఎవరిదో పాంటు అంచు కుట్లు విప్పుతోంది టైలరమ్మ. డ్రైక్లీనింగ్ దుకాణం వెనకగదిలో, ఇస్త్రీ ఆవిరి బుసల మధ్య ఆమె పని. పొడవైనవి కురచ చేయాలి, బిగుతైనవి వదులు చేయాలి. కుట్టు కంటికి ఆనకపోవడమే ఆ పనిలో గొప్ప. ఇన్నేళ్ళలో “ఈ అంచు ఎవరు కుట్టారు?” అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. ఎవరైనా అడగాలని ఆమె కూడా కోరుకోలేదు.

కుడిచేతి చూపుడువేలు కొస మాత్రం కాయ కాచి ఉంటుంది. అది సూది వల్ల కాదు, డబుల్ బేస్ అనే వాయిద్యం తీగల వల్ల.

మూడేళ్ళ కిందట, కొలత సరిచేసిన కోటు ఇవ్వడానికి కాలేజీ సంగీతం గదికి వెళ్ళింది. లోపల పియానో మాస్టారు, పిల్లలు కలిసి జాజ్ వాయిస్తున్నారు. ఆమె కోటు చేతిలో పట్టుకుని గుమ్మంలోనే ఉండిపోయింది. పాట అయ్యాక మాస్టారు ఆమెను ఎగాదిగా చూశారు.

“మనిషివి పొడుగ్గా ఉన్నావు. వేళ్ళు గట్టివి. మా బేస్ వాయించే పిల్ల చదువైపోయి వెళ్ళిపోయింది. పట్టుకుంటావా టైలరమ్మా?”

వేళాకోళమాడుతున్నారనుకుంది. కాదని తెలిశాక సాయంత్రం కోర్సులో చేరింది. ఆ మనిషెత్తు వాయిద్యం ఇంటికొచ్చిన రోజు భర్త పడీపడీ నవ్వాడు. అప్పట్నుంచి రోజూ దీపం ఆర్పేముందు, “నీ రెండో మొగుడికి దుప్పటి కప్పావా?” అని అడుగుతాడు.

బేస్ ఆమెకు నప్పింది. అడుగున ఉండి పాటను మోస్తూ పోతే చాలు, ఎవరూ తనవైపు చూడరు. అయితే జాజ్‌లో ఒక చిక్కుంది. పాట మధ్యలో ఒక్కొక్కరూ తమ వంతు రాగానే, అప్పటికప్పుడు తోచింది అల్లుకుంటూ ఒంటరిగా వాయించాలి. దాన్నే సోలో అంటారు. ఆ వంతు తలుచుకుంటేనే ఆమెకు భయం.

ఇవాళ సాయంత్రం కాలేజీ హాల్లో కచేరీ. మధ్యాహ్నమే పని ముగించుకుని రిహార్సల్‌కి వెళ్ళింది.

“మాస్టారూ, నా వంతు తీసెయ్యండి. జనం ముందు నావల్ల కాదు.”

ఆయన అరచేత్తో ఛాతీ రాసుకుంటున్నారు. “ఇక్కడ బాగానే వాయిస్తావుగా?”

“ఇక్కడుండేది మీరే కదండీ.”

“అక్కడా నేనే ఉంటాను.”

“వద్దండీ, దణ్ణం పెడతాను.”

“సరేలే, ఏడవకు. నీ వంతు కూడా నేనే లాగించేస్తాను.”

“బతికిపోయారు అత్తయ్యా,” అన్నాడు డ్రమ్స్ దగ్గర్నుంచి, అందరూ బక్కోడని పిలిచే కుర్రాడు.

“మీకేంటండీ, ఒంట్లో బాలేదా?” అంది ఆమె మాస్టారితో.

“తిన్నది అరగలేదు.”

“వేడినీళ్ళు తాగండి,” అని తీగలు సవరించుకోవడంలో పడింది.

హాలు సగం నిండింది. వెనక వరసలో భర్త చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నిదానమైన పాట. శాక్సోఫోన్ పిల్ల తన వంతు ముగించి పక్కకు తప్పుకుంది. పియానో అందుకుంది. నాలుగైదు స్వరాలు, మెట్లెక్కుతున్నట్టు ఒకదాని మీదొకటి పలికాయి. అక్కడితో ఆగిపోయింది.

టైలరమ్మ ఎదురుచూసింది. బక్కోడు పుల్లలకు బదులు పట్టిన బ్రష్షులు డ్రమ్ము మీద మెత్తగా తిరుగుతూనే ఉన్నాయి. పియానో పలకలేదు. ఓరగా చూసింది. మాస్టారు చేతులు ఒళ్ళో పెట్టుకుని తల వంచుకున్నారు. ఎవరైనా వాయిస్తుంటే ఆయన వినే తీరే అది.

అర్థమైంది. మాట తప్పారు! నమ్మించి నలుగురి ముందూ నిలబెట్టేశారు. మెడ నుంచి చెవుల దాకా వేడెక్కింది. ఆ కోపంతోనే తీగ లాగింది. మొదటి స్వరం తప్పు పలికింది. కావాలనే వాయించినట్టు మళ్ళీ దాన్నే మోగించింది. రెండోసారికి అది తప్పులా లేదు. వేళ్ళు ఆ స్వరాన్ని పట్టుకుని కిందికి దిగాయి, పైకెక్కాయి, ఒకచోట కాసేపు ఆగాయి. హాల్లో దగ్గులు కూడా ఆగిపోయాయి. పాట ఒక చుట్టు అయింది. అయినా పియానో రాలేదు. ఇంకా కావాలా? అయితే తీసుకోండి, అనుకుని రెండో చుట్టు ఎత్తుకుంది. ఎప్పుడు నవ్వడం మొదలుపెట్టిందో ఆమెకే తెలియదు.

చప్పట్లు మోగిపోయాయి. వెనక వరసలో భర్త లేచి నిలబడ్డాడు. “మీ పని చెప్తానుండండి,” అని నవ్వుతూ మాస్టారివైపు తిరిగింది.

ఆయన తలెత్తలేదు. చేయి చాచి భుజం తట్టింది. లోపల మనిషి లేని కోటును ముట్టుకున్నట్టుంది. ఆ తట్టుకే ఆయన ముందుకు ఒరిగారు. పియానో మెట్లన్నీ ఒక్కసారిగా భళ్ళుమన్నాయి. అదీ పాటలో భాగమే అనుకుని కొందరు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

జనంలోంచి ఒక డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. నాడి చూశాడు, ఛాతీ మీద నొక్కాడు, చాలాసేపు నొక్కి చేతులు తీసేశాడు.

“గుండె ఎప్పుడో ఆగిపోయిందమ్మా.”

“ఎప్పుడో అంటే? నేను వాయిస్తున్నప్పుడా? అంతకుముందా?”

“అది చెప్పలేనమ్మా,” అన్నాడు డాక్టరు. ఆమె బక్కోడి చెయ్యి పట్టుకుంది. “నువ్వు ఎదురుగా ఉన్నావు కదరా. నాకోసం ఆపారా? లేకపోతే అప్పుడే…”

“నేను మిమ్మల్నే చూస్తున్నాను అత్తయ్యా.” అన్నాడు వాడు. “అందరం మిమ్మల్నే చూస్తున్నాం.”

మాస్టారిని తీసుకెళ్ళిపోయారు. హాలు ఖాళీ అయింది. ఆమె పియానో దగ్గరే నిలబడి ఉంది. భర్త వేదిక ఎక్కి, బేస్‌ని తనే భుజానికెత్తుకున్నాడు. ఇవాళ ఏ వేళాకోళమూ ఆడలేదు.

“పద,” అన్నాడు.

కదలబోతుంటే కాలికి ఏదో తగిలింది. వంగి చూసింది. పియానో కింద మాస్టారి బూటు ఒక్కటి. కుడికాలిది. వాయించేటప్పుడు కాలితో నొక్కే పెడల్ పాదానికి ఆనాలని, లేసు విప్పకుండా మడమ తొక్కి వదిలినది. లోపలి తోలు మీద ఐదు వేళ్ళ గుంటలూ నల్లగా, లోతుగా పడి ఉన్నాయి.