సరిపోయే ఇల్లు

ఆ ఆదివారం, కాలనీవాళ్ళంతా కలిసి వండుకు తినే కామన్ హౌస్‌లో పప్పుచారు వంతు ప్రమోదది. కాలనీ మొత్తానికి సరిపడా చింతపండు పిసుకుతుంటే భర్త మల్లికార్జున్ వెనకనుంచి వచ్చి నిలబడ్డాడు.

"మన మూడు బెడ్‌రూమ్‌ల ఇల్లు పవన్ వాళ్ళకి ఇచ్చేస్తామని చెప్పేశాను. మనం ఇద్దరమేగా. ఒక్క బెడ్‌రూమ్ చాలు."

ఆమె చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది.

అమెరికాలో, అరిజోనాలోని చాండ్లర్‌లో ఉన్న ఆ కాలనీలో ఇళ్ళన్నీ అద్దెవే. ఇంట్లో మనుషులు పెరిగితే పెద్దింటికి, తగ్గితే చిన్నింటికి మారాలని అందరూ కలిసి పెట్టుకున్న పద్ధతి. మంచి పద్ధతే, కాదనడానికేముంది? కిందటేడు కూతురు దేదీప్య కాలేజీకి వెళ్ళిపోయింది. పవన్ వాళ్ళకేమో కవలలు పుట్టారు. పైగా మల్లికార్జున్ మాటంటే ఇక్కడ అందరికీ ఎంత గురో! ఎవరి కారు ఆగిపోయినా ముందు పరుగెత్తేది అతనే. ఇంటి తలుపు మూసుకున్నాక ఆ మంచి మనిషి ఎక్కడికి పోతాడో ప్రమోదకి ఇన్నేళ్ళయినా అంతుపట్టలేదు.

దేదీప్య వెళ్ళినప్పటినుంచీ ఆమె ఆ పిల్ల గదిలోనే పడుకుంటోంది. తలుపు పిడి మధ్యలో మీట నొక్కితే టక్కుమంటుంది. ఆ చప్పుడు వింటే గాని ఊపిరాడదు. "నేనేమన్నా దొంగనా, లాక్ వేసుకుంటున్నావ్?" అని అతను బయటినుంచి అడిగేవాడు. మెల్లగానే అడిగేవాడు. అరిచినా బాగుండేది, పక్కింటికైనా వినబడేది. అతను అరవడు. మణికట్టు పట్టుకుని మెలితిప్పుతాడు. "ఇంత ఎండలో ఫుల్ హ్యాండ్స్ ఏంటి ఆంటీ?" అని పక్కింటి విద్య అడిగితే, ఏసీ పడదని చెప్పింది. ఇప్పుడిక ఒకే గది, ఒకే మంచం. మీట నొక్కినా అతనూ లోపలే ఉంటాడు.

భోజనాలయ్యాక మీటింగ్. ఇల్లు మారడానికి సరేననేవాళ్ళు ఆకుపచ్చ కార్డు ఎత్తాలి, కాదనేవాళ్ళు ఎరుపు. మల్లికార్జున్ పేరు చెప్పగానే చప్పట్లు కొట్టారు. అతను ఆమె చెవి దగ్గరికి వంగి, "గ్రీన్ ఎత్తు," అన్నాడు.

మీటింగ్ నడుపుతున్న విద్య అమెరికాలోనే పుట్టి పెరిగిన పిల్ల. "ఆంటీ, మీ హౌస్‌లో ఎంత మంది?" అని అడిగింది.

"ఇద్దరం," అన్నాడు మల్లికార్జున్.

"నో అంకుల్, ఆంటీ చెప్పాలి. ఎవరిది వాళ్ళే చెప్పాలని రూల్ కదా."

ఎరుపు ఎత్తితే ఎందుకని అడుగుతారు. ఇంతమందిలో స్లీవ్ పైకి లాగి చూపించగలదా? ప్రీస్కూల్‌లో తనకి చిన్నదో పెద్దదో ఉద్యోగమైతే ఉంది. ఒక్క మనిషి బతకడానికి చాలదూ?

ఆమె ఆకుపచ్చ కార్డు ఎత్తింది.

"పెద్దిల్లు ఇచ్చేద్దాం. ఒక్క బెడ్‌రూమ్ చాలు."

మల్లికార్జున్ హాయిగా వెనక్కి వాలాడు. విద్య రాసుకుంటూ, "సో, ఇద్దరు," అంది.

"కాదమ్మా." గొంతు వణికింది. వణకనిచ్చింది. "ఒక్కదాన్ని."