ఇంజను ఆగిన పావుగంట

హర్షవర్ధన్ గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. మెర్సీకి ఒళ్ళు మండింది కూడా అందుకే.

"చాలా బాగా వచ్చిందండీ. కానీ వెనకాల ఏదో మోటారు ఆడుతోందండీ. అది లేకుండా ఇంకొక్కసారి చూస్తారా?"

"అలాగేనండీ," అని ఫోను పెట్టేసి, స్టూడియో తలుపు దడాలున వేసుకుంది. 'ఇంకొక్కసారి' అన్న మాట వినడం ఇది మూడోసారి.

ఏలూరులో ఆ స్టూడియో చిన్నది. చర్చి పాటల సీడీలు తప్ప అక్కడికి వేరే పని రావడం అరుదు. కీబోర్డు వాయించేవాళ్ళకీ, పాడేవాళ్ళకీ మైకులు సర్దుతూ మెర్సీ పదేళ్ళు గడిపేసింది. పాటలంటే ఆమెకు విసుగేమీ లేదు గానీ, నాలుగు గోడల బయట ఒక్కసారైనా రికార్డు చేయాలని కోరిక. రెండువేల ఏడు వానాకాలంలో హర్షవర్ధన్ వచ్చినప్పుడు ఆ కోరిక తీరుతుందనిపించింది. అతను హైదరాబాదు నుంచి వచ్చి, ఏలూరులో కొల్లేటి పక్షుల ప్రదర్శన ఒకటి తయారుచేస్తున్నాడు. బొమ్మ పక్షుల మధ్య ఒక బల్ల ఉంటుంది, దాని మీద హెడ్‌ఫోన్లు ఉంటాయి. అవి చెవులకి పెట్టుకుంటే తెల్లవారుజామున కొల్లేటి ఒడ్డున నిలబడ్డట్టే ఉండాలి. ఐదు నిమిషాలు చాలన్నాడు.

అందుకు మెర్సీ ప్రత్యేకంగా రెండు మైకులు కొనుక్కుంది. చిటికెన వేలంత ఉంటాయి. పాటలకి వాడేవి ఎదురుగా ఉన్న మనిషినే వింటాయి. ఇవి అలా కాదు, ముందూ వెనకా పక్కలా అన్నిటినీ సమానంగా వింటాయి. మనిషి తలంత వెడల్పున్న చెక్కకి నూలు గుడ్డ చుట్టి, అటొకటీ ఇటొకటీ బిగిస్తే, రెండు చెవులతో విన్నట్టే వస్తుంది. కొంగ ఎడమ నుంచి కుడికి ఎగిరితే రెక్కల చప్పుడు కూడా తల మీంచి అటు నుంచి ఇటు పోతుంది. మొదటిసారి ఇంటి డాబా మీద అది విన్నప్పుడు మెర్సీ తనలో తానే నవ్వుకుంది.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. అన్నీ వినే మైకులకి, వద్దన్నది వినకుండా ఉండటం చేతకాదు. ఆటపాకలో పక్షులు బోలెడు, కానీ వాటిని చూడటానికి వచ్చినవాళ్ళ కబుర్లు అంతకన్నా ఎక్కువ. ఒక లంక గ్రామం పక్కన కూర్చుంటే, తెల్లారకముందే గుడి మైకూ, చర్చి మైకూ ఒకదాని తరవాత ఒకటి మొదలయ్యాయి. చేపల చెరువుల మీద వాలే పక్షుల్ని తోలడానికి కాపలావాళ్ళు టపాకాయలు కాల్చారు. మైకుల్ని అటు తిప్పడానికీ ఇటు తిప్పడానికీ లేదు. ఎటు తిప్పినా వాటికి ఒకటే.

చివరికి మిగిలింది అన్నయ్య చెరువు.

దేవరాజు మెర్సీకి సొంత అన్న. కలిదిండి దగ్గర చేపల చెరువు కౌలుకి చేస్తున్నాడు. దాని పక్కనే, సరస్సు హద్దు లోపల, ఇంకో చెరువుండేది. నిరుడు సర్కారువాళ్ళు సరస్సులోని చెరువుల గట్లు కొట్టేసినప్పుడు అదీ తెగిపోయింది. ఇప్పుడక్కడ కిక్కిస గడ్డి పెరిగి, తుమ్మచెట్ల నిండా గూడకొంగలూ నీటికాకులూ చేరాయి. మైకులు పెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. అయితే సరిగ్గా తెల్లవారుజామున దేవరాజు డీజిల్ ఇంజను వేస్తాడు. అది చేపలకి గాలి అందేలా చెరువు నీళ్ళనే తోడి, పైనుంచి మళ్ళీ చెరువులోకే చిమ్ముతుంది. హర్షవర్ధన్‌కి వినిపించిన మోటారు అదే.

మర్నాడు సాయంత్రం బస్సు దిగి మెర్సీ నేరుగా గట్టు మీది పాక దగ్గరికి నడిచింది. వాయుగుండం పట్టి మూడు రోజులుగా ఎండ మొహం లేదు. గాలి కూడా ఆగిపోయింది. కిక్కిస ఆకు కదలడం లేదు. గాలి మైకులకి బద్ధ శత్రువు. ఇలాంటి పొద్దు మళ్ళీ దొరకదని ఆమెకు తెలుసు.

"అన్నయ్యా, రేపొక్కరోజు ఇంజను ఆపవా?"

దేవరాజు మేత బస్తాలు సర్దుతున్నవాడల్లా ఆగాడు. "మబ్బు పట్టిందే అమ్మాయ్. ఎండ లేకపోతే నీళ్ళలో గాలి తగ్గిపోద్ది. తెల్లారగట్టే మరీ ఇబ్బంది. ఇంజను ఆపితే చేపలు తేలతాయి."

"రాత్రంతా వెయ్యి. నేను రికార్డు చేసే కాసేపే ఆపు."

"కాసేపంటే ఎంత?"

"పావుగంట."

దేవరాజు భార్య సువార్త అన్నం వారుస్తూ అందుకుంది. "చక్కగా పాటలు రికార్డు చేసుకోక ఈ కొంగల గోల ఎందుకమ్మా నీకు?"

మెర్సీకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, ఉక్రోషం. "మూడుసార్లు తిప్పి పంపారు వదినా. నా పేరు మీద వచ్చిన మొదటి పని. ఇదీ పోతే మళ్ళీ నన్నెవరడుగుతారు?"

దేవరాజు చెల్లెలి వంక చూసి, చెరువు వంక చూసి, తల గోక్కున్నాడు. "సరేలే. పావుగంటే. నేను గట్టు మీద కూర్చుని నీళ్ళు చూస్తుంటాను."

"నువ్వుండకూడదు. నీకు దగ్గొస్తుంది. పోయినసారి సగం అదే పడింది."

"మరి చేపల్నెవరు చూస్తారే?"

"నేనున్నానుగా. ఏదన్నా అయితే కేకేస్తాను."

తూరుపు తెల్లబడే వేళకి అంతా అనుకున్నట్టే జరిగింది. దేవరాజు ఇంజను ఆపి, మెర్సీ చెప్పినట్టే రోడ్డు మీది కల్వర్టు దాకా వెళ్ళిపోయాడు. సువార్త కూడా అతని వెంటే నడిచింది. మెర్సీ చెక్కని స్టాండు మీద నిలబెట్టి, తుమ్మచెట్ల వైపు తిరిగి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని రికార్డరు నొక్కింది.

మొదట ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. తరవాత కిక్కిసలో ఒక నీటికోడి కీచుమంది. దానికి దూరంగా ఇంకొకటి బదులిచ్చింది. చెట్ల మీద పిల్లకొంగలు మేత కోసం గొణగడం మొదలుపెట్టాయి. ఒక గూడకొంగ నీళ్ళ మీంచి లేచి, బరువుగా రెక్కలు కొడుతూ సరిగ్గా నెత్తి మీంచి కుడికి వెళ్ళిపోయింది. మెర్సీ ఊపిరి బిగబట్టింది. ఇన్నాళ్ళ తిరుగుడూ దీనికోసమే.

అప్పుడు వెనక నుంచి సన్నగా ఏదో మొదలైంది.

చిటచిటమని, ఆగి ఆగి. తీగ వదులైతే ఇలాంటి చప్పుడే వస్తుంది. మెర్సీ పళ్ళు కొరుక్కుని తీగ తడిమింది. గట్టిగానే ఉంది. చప్పుడు ఎక్కువైంది. వానేమో అనుకుని చెయ్యి చాచింది. ఒక్క చినుకూ పడలేదు. అయినా హెడ్‌ఫోన్లలో మాత్రం సన్నజల్లు కురుస్తూనే ఉంది, ఎడమ నుంచి కుడి దాకా వెనకంతా. మైకు చెడిందా? మంచు తేమ లోపలికి దిగిందా? ఇంత మంచి పొద్దున, ఇన్ని రోజుల తరవాత, ఇప్పుడే చెడాలా? ఒక మైకు మీద అరచెయ్యి కప్పి చూసింది. ఆ పక్క చప్పుడు తగ్గింది. అంటే తీగ కాదు, మైకూ కాదు. బయట ఏదో ఉంది.

హెడ్‌ఫోన్లు తీసేసి వెనక్కి తిరిగింది.

చెరువంతా నోళ్ళు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా చేపలు పైకి వచ్చి, నీటి మీద మూతులు తెరిచి గాలి గుటకలేస్తున్నాయి. గట్టు వారన రెండు పెద్ద బొచ్చె చేపలు అప్పటికే పక్కకి ఒరిగి, తెల్లటి పొట్టలు చూపిస్తున్నాయి.

"అన్నయ్యా!"

ఆ కేకకి తుమ్మచెట్ల మీది పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. మెర్సీ ఇంజను దగ్గరికి పరిగెత్తి హ్యాండిల్ పట్టుకుని తిప్పింది. అది సగం తిరిగి వెనక్కి తన్నింది. మణికట్టు విరిగినంత పనైంది. మళ్ళీ తిప్పింది. ఇంజను ఒకసారి దగ్గినట్టు చేసి ఊరుకుంది. కల్వర్టు నుంచి గట్టు పొడవునా దేవరాజు పరిగెత్తుకొస్తుంటే ఆ దూరం ఎంతకీ తరగలేదు.

"జరుగు, జరుగు!" అంటూ వచ్చి అతను హ్యాండిల్ అందుకున్నాడు. సువార్త వచ్చీ రావడంతోనే చీర ఎగ్గట్టి నీళ్ళలోకి దిగి, తట్టతో నీళ్ళు ఎత్తి పోయసాగింది. మెర్సీ కూడా చెప్పులు విడిచి దూకింది. మోకాళ్ళకి చేపలు తగులుతున్నాయి గానీ పక్కకి తప్పుకునే ఓపిక వాటికి లేదు.

ఇంజను అందుకునేసరికి బాగా తెల్లారింది. నీటి ధార పైకి లేచి పడుతుంటే చేపలు దాని చుట్టూ మూగాయి. కొన్ని మెల్లగా లోపలికి దిగాయి. బొచ్చెలు చాలా వాటికి ఆ బలం రాలేదు.

పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ముగ్గురూ వలతో చచ్చిన చేపల్ని గట్టుకి లాగుతూనే ఉన్నారు. సువార్త ఒక్కసారే నోరు తెరిచింది. "పిల్లల్లా పెంచాం మెర్సీ. ఇంకో నెలైతే పట్టుబడికి వచ్చేవి."

దేవరాజు అడ్డొచ్చాడు. "దాన్నేమనకు. అది అడిగింది. ఆపింది నేను. నాకు తెలిసీ ఆపాను."

అతను తిట్టుంటే బాగుండుననిపించింది మెర్సీకి. తిరుగు బస్సులో మైకుల సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఏలూరు దాకా కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది.

రెండు రోజులు ఆ రికార్డింగు తెరవలేదు. తెరిచాక, ముందు రెండు నిమిషాలూ ఏ మచ్చా లేకుండా ఉన్నాయి. ఆ తరవాతంతా ఆ జల్లు. మొత్తం హర్షవర్ధన్‌కి వినిపించింది. ముందు రెండు నిమిషాలే పనికొస్తాయని చెప్పబోతుంటే అతనే అందుకున్నాడు.

"అద్భుతమండీ! ఆ వాన చూశారా, ఎంత అందంగా మొదలైందో. అదే అసలు ప్రాణం. అది ఉంచేద్దామండీ."

"అది వాన కాదండీ."

"మరి?"

చెప్పింది. అతను గొంతు తగ్గించి అన్నాడు. "అయ్యో, పాపం. కానీ వినేవాళ్ళకి అది తెలియదు కదండీ?"

"నాకు తెలుసండీ. మా అన్నయ్య కూడా వచ్చి వింటాడు."

"మరి ఐదు నిమిషాలెలాగండీ?"

"ఉన్న రెండే మళ్ళీ మళ్ళీ వేసుకోండి. లేదంటే నన్నొదిలేయండి."

అతను వదల్లేదు, ప్రారంభం దగ్గర పడింది మరి.

ప్రారంభమైన వారానికి దేవరాజునీ సువార్తనీ మెర్సీ తీసుకెళ్ళింది. వాళ్ళు అంత తేలిగ్గా వస్తారనుకోలేదు. అడగ్గానే బయల్దేరారు, అదే ఆమెను ఇంకా ఇబ్బంది పెట్టింది. మెర్సీ ముందు తను హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. నీటికోడి కీచుమంది, గూడకొంగ నెత్తి మీంచి వెళ్ళింది. అంతలో అతుకు వచ్చింది. మళ్ళీ అదే నీటికోడి, అదే గూడకొంగ. ఎంత నున్నగా అతికినా ఆ చోట గాలి పలచబడినట్టు ఆమెకు తెలిసిపోతోంది. ఇంకెవరికీ తెలియడం లేదు. వెనక నిలబడ్డ బడిపిల్లలు తొందర చేస్తున్నారు.

దేవరాజు వంతు వచ్చింది. కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. చెవులు మూసుకుపోయి ఉన్నాయి కాబట్టి, హాలంతా తిరిగి చూసేంత గట్టిగా, "భలే ఉందే అమ్మాయ్!" అని అరిచాడు. సువార్త సిగ్గుపడి అతని చొక్కా పట్టి లాగింది.

బయటికొచ్చాక మెట్ల మీద నిలబడి మెర్సీ అంది. "బాగాలేదన్నయ్యా. రెండు నిమిషాలే అది. తిప్పి తిప్పి వేస్తున్నారు."

"నాకేం తెలియలేదే."

"నాకు తెలుస్తోంది. మళ్ళీ చెయ్యాలి."

దేవరాజు ఎండ వంక చూసి, జేబులోంచి రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "చేద్దువుగాని. ఇంజను మాత్రం ఆపను."

"ఆపమనను."

"అయితే రా," అని అతను బస్టాండు వైపు నడిచాడు. సువార్త నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, మణికట్టు నొప్పి తగ్గిందా అని అడిగింది. ఇంకా లేదంది మెర్సీ.