ఓడకి చెయ్యి ఊపినవాడు

నెవిల్ బ్లెంకిన్ ఇంగ్లండులో అందరికీ కావలసినవాడు. ఒక్క తను పుట్టిన వీధికే కానివాడు.

ముప్పై ఏళ్ళుగా ఆదివారం పొద్దున పదింటికి రేడియోలో అతని గొంతు వినిపించాకే దేశంలో సగం వంటిళ్ళలో బంగాళాదుంపల తొక్క తీయడం మొదలయ్యేది. రాని బస్సు మీద, మేనత్త టోపీ మీద, పొంగని కేకు మీద పద్యాలు కట్టి, హల్ రేవు యాసని ఏమాత్రం దాచుకోకుండా చదివేవాడు. చివర్లో అందరిలా సెలవు తీసుకునేవాడు కాదు. "సరే మరి" అని ఊరుకునేవాడు. అదేదో అతని ఒరవడి అనుకుని దేశం మురిసిపోయేది. అతను పుట్టిన హెసెల్ రోడ్డువాళ్ళకి అసలు సంగతి తెలుసు. ఓడలెక్కే మగవాళ్ళున్న ఇళ్ళలో సెలవన్న మాట ఎవరూ నోటితో అనరు.

అలాంటివి ఇంకా ఉన్నాయి. ఓడ కదిలే రోజు ఇంట్లో బట్టలు ఉతకకూడదు, ఉతికితే సముద్రం మనిషిని కడిగేసుకుపోతుంది. ఆడవాళ్ళు రేవుకి వెళ్ళకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఓడకి చెయ్యి ఊపకూడదు. ఊపితే ఆ మనిషిని చేతులారా పంపించేసినట్టే.

నెవిల్‌కి పేరు తెచ్చిన పద్యం సరిగ్గా ఆ పని గురించే. బళ్ళలో పిల్లలు దాన్ని కంఠతా పట్టారు. అంత్యక్రియల్లో పెద్దవాళ్ళు వణికే గొంతుతో చదివారు.

"అన్ని ఇళ్ళూ తెరలు వేసుకున్న పొద్దున
నేనొక్కణ్ణే రేవు చివర నిలబడి
నాన్నకి చెయ్యి ఊపాను.
ఆ చెయ్యి ఇంకా దించలేదు."

ఆ నాన్న ఎక్కిన చేపల ఓడ పేరు లేడీ ఎవెలిన్. యాభై ఏళ్ళ కింద ఒక ఫిబ్రవరిలో, ఐస్‌లాండ్ దగ్గర పైన మంచు పేరుకుపోయి, ఆ బరువుకి ఇరవైమందితో మునిగిపోయింది. పద్యం రేడియోలో వచ్చిన మర్నాటినుంచి ఆ ఇరవై ఇళ్ళవాళ్ళకి నెవిల్ "చెయ్యి ఊపినవాడు" అయ్యాడు. నిజంగా చెయ్యి ఊపితే ఓడ మునుగుతుందా అని అడిగితే ఎవరూ అవుననరు. కాదని కూడా అనరు.

నిజం తెలిసింది ఇద్దరికే. ఆ పొద్దున నెవిల్ గవదబిళ్ళలతో మంచం మీద ఉన్నాడు. రేవుకి పరిగెత్తి చెయ్యి ఊపింది అతని చెల్లెలు ఆవ్రిల్. అప్పటికి ఆమెకి ఎనిమిదేళ్ళు.

ఇప్పుడు యాభై ఎనిమిది. బడి వంటశాలలో పనిచేసి మానేసింది, ఒంటరిగా ఉంటోంది. గ్యాసు కట్టేశానా అని మూడుసార్లు చూసుకుంటేగానీ గడప దాటదు. ఇంటికొచ్చినవాళ్ళు వెళ్ళిపోతుంటే వీధి మలుపు తిరక్కముందే తలుపు వేసేసుకుంటుంది. కనుమరుగయ్యేదాకా ఎవరినీ చూడదు. స్టేషనుకి వెళ్ళి ఎవరినీ రైలెక్కించదు.

ఆ శనివారం నెవిల్ పెట్టె పట్టుకుని ఆమె వంటింట్లోకి వచ్చాడు. మర్నాడు అతని ఆఖరి కార్యక్రమం. హెసెల్ రోడ్డు జాలర్ల హాలునుంచి, జనం మధ్యనుంచి, నేరుగా దేశమంతటికీ. యాభై ఏళ్ళయింది కదా, ఆ పద్యం కూడా చదవాలని రేడియోవాళ్ళు పట్టుబట్టారు.

మూల దుకాణంలో తెచ్చిన ఆలూ పాటీలు, చిప్స్ కాగితం విప్పి పెట్టింది ఆవ్రిల్. నెవిల్ చొక్కా మీద గ్రేవీ ఒలకబోసుకున్నాడు.

"అరవై ఒక్కేళ్ళొచ్చాయి, నోరెక్కడుందో ఇంకా తెలీదు నీకు," అంది.

"నోరు తెలుసే పిల్లా, దాంతోనే కదా బతికాను. చొక్కాయే అడ్డొస్తోంది."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే అతని మొహం చూసింది. బుగ్గలు జారిపోయాయి. భార్య పోయినప్పటినుంచి సరిగ్గా తింటున్నట్టు లేడు.

"రొట్టెల కొట్టు పై అంతస్తులో వాటా ఖాళీగా ఉంది కదా, దానికోసం ఉత్తరం రాశాను," అన్నాడు నెవిల్, చిప్స్ లెక్కపెడుతున్నట్టు కిందకి చూస్తూ. "ఇంటికొచ్చేద్దామని. లండన్‌లో నాకు గోడలు తప్ప ఎవరున్నారు?"

"ఏమన్నారు?"

"ఇవ్వనన్నాడు. ఆ కొట్టు ఐవీ స్టాథర్స్ మేనల్లుడిది. 'మా మేనత్త ఒప్పుకోదండీ, ఏమీ అనుకోకండి' అని ఎంతో మర్యాదగా రాశాడు."

ఐవీ భర్త కూడా లేడీ ఎవెలిన్‌లోనే పోయాడు. పెళ్ళయిన పద్నాలుగో నెలలో. ముప్పై ఏళ్ళుగా ఆమె ఆవ్రిల్ ఎదురొస్తే రోడ్డు దాటి అటు పక్కకి వెళ్ళిపోతోంది.

ఆవ్రిల్ చేతిలో ఫోర్కు కింద పెట్టేసింది. "నా మూలంగా."

"నోర్ముయ్. నేను రాసుకున్నాను, నేను చదువుకున్నాను. నీకేం సంబంధం?"

"చేసింది నేనైతే నువ్వెందుకు నెత్తినేసుకున్నావు, నెవిల్? అప్పుడంటే చిన్నపిల్లని, మెట్లకింద దూరి ఏడుస్తుంటే 'ఎవరైనా అడిగితే నేనే అని చెప్తాలే' అన్నావు. ఎవరూ అడగలేదు. పద్యం ఎందుకు రాశావు?"

"నువ్వు చెప్పింది నా బుర్రలోంచి పోలేదు. ఇరవై ఏళ్ళు మోశాక అది నేనే చేసినట్టు అయిపోయింది. రాస్తే తగ్గుతుందనుకున్నాను." పాటీ ముక్క తుంచి ఆమె పళ్ళెంలో పెట్టాడు. "తిను. చల్లారితే కొవ్వు కడుతుంది. రేపు చదివేసి చక్కాపోతాను. లండన్‌లో గోడలు మరీ అంత చెడ్డవేం కాదు."

ఆమె ఆ ముక్కని ఫోర్కుతో పళ్ళెం అంచుకి నెట్టింది.

మర్నాడు జాలర్ల హాలు నిండిపోయింది. బల్లల మీద టీ కెటిళ్ళు, గోడకి పోయిన ఓడల ఫొటోలు. రేడియో అమ్మాయి హ్యారియట్ చెవులకి యంత్రం తగిలించుకుని వైర్లమీదనుంచి గెంతుతూ తిరుగుతోంది. నెవిల్ చేతి గడియారం తీసి ఎదురుగా పెట్టుకున్నాడు. ఆవ్రిల్ రెండో వరసలో కూర్చుంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా వెనక్కి చూసింది. పదికి రెండు నిమిషాలుండగా నల్లకోటు తొడుక్కుని ఐవీ స్టాథర్స్ వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి, నిటారుగా నడిచొచ్చి సరిగ్గా మధ్యలో కూర్చుంది.

నెవిల్ బస్సు పద్యం చదివితే నవ్వారు. మేనత్త టోపీ చదివితే ఇంకా నవ్వారు. తరవాత ఆ పద్యం చదివాడు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. హ్యారియట్ కంగారుగా మైకు పట్టుకుని, "ఎవరైనా ఏమైనా అడుగుతారా?" అంది.

ఐవీ లేచింది.

"నెవిల్ అబ్బాయ్. నా పేరు ఐవీ. నా మొగుడు డొనాల్డ్ ఓడలో మీ నాన్న పక్క బల్ల మీదే పడుకునేవాడు. ఆ పద్యం దేశమంతా చదివారు, చచ్చినవాళ్ళందరి మీదా చదివారు. నేను అడిగేది ఒక్కటే. తెలిసి తెలిసి ఎందుకు ఊపావురా? మన వీధిలో పుట్టినవాడివే కదా?"

నెవిల్ గొంతు సవరించుకున్నాడు.

"తప్పే, ఐవీ ఆంటీ," అన్నాడు. "నా తప్పే."

అతని గొంతు ఎంత మామూలుగా ఉందంటే, ఎన్నోసార్లు ఇదే మాట ఒంటరిగా అనుకుని అరగదీసుకున్నాడని ఆవ్రిల్‌కి తెలిసిపోయింది. ఇంకా అలాగే అనుకుంటూ ఆ గోడల మధ్యకి వెళ్ళిపోతాడు. ఆమె ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచింది.

"వాడు కాదండీ. వాడికి గవదలు. మంచం మీద ఉన్నాడు. నేను వెళ్ళాను."

"కూర్చోవే ఆవ్రిల్," అన్నాడు నెవిల్.

"కూర్చోను. నాన్న రొట్టెల డబ్బా మర్చిపోయాడనుకున్నాను, ఐవీ ఆంటీ. తీసుకుని పరిగెత్తాను. అది ఖాళీది, పాతది. నేను వెళ్ళేసరికి ఓడ రేవు గేటు దాటుతోంది. నాన్న ఓడ పైనే ఉన్నాడు. డబ్బా ఇచ్చే దారి లేక చెయ్యి ఊపాను. నన్ను చూశాడు. చూసి మొహం తిప్పేసుకున్నాడు. కోపమొచ్చిందని నాకు అప్పుడే తెలిసింది."

రేడియోలో నిశ్శబ్దం అంటే ఇల్లు తగలబడ్డంత పని. హ్యారియట్ చేతులు గాల్లో తిప్పుతూ మాట్లాడమని నెవిల్‌కి సైగలు చేస్తోంది. ముప్పై ఏళ్ళలో ఒక్క క్షణం ఖాళీ వదలనివాడు, గడియారం బోర్లించి ఊరుకున్నాడు.

"కోపమేంటే పిచ్చిదానా," అంది ఐవీ చివరికి. "ఓడ మీద మగవాళ్ళెవరూ రేవువైపు చూడరు. చూస్తే కాళ్ళాడవు. మా డొనాల్డ్ మా సందు మలుపు తిరిగాక తల తిప్పిన పాపాన పోలేదు. మీ నాన్న నిన్ను చూశాడన్నావు చూడు, అదే ఎక్కువ."

ఆమె కూర్చోబోయి మళ్ళీ లేచింది. కోటు బొత్తాలు సవరించుకుంటూ, ఎవరికీ కాకుండా నేలకి చెప్పినట్టు చెప్పింది.

"ఆ పొద్దున నేను డొనాల్డ్ చొక్కా ఉతికాను. తెలుసు ఉతక్కూడదని. చేపల కంపు భరించలేక ఉతికాను. ఇరవై ఏళ్ళు నా చేతులు నేనే చూసుకోలేకపోయాను. తరవాత నీ పద్యం వచ్చింది, నెవిల్. చెయ్యి ఊపినవాడొకడు దొరికాడు కదా అని ఆ వారం కంటినిండా నిద్రపోయాను. నీ మీద కోపం లేకపోతే నాకు నిద్ర లేదురా. అందుకని ఆ కోపం పోనివ్వకుండా దాచుకున్నాను."

వెనక వరసలో ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. ఇంకెవరో, "మా అమ్మ గుమ్మంలోంచి పేరు పెట్టి వెనక్కి పిలిచింది, వెళ్ళేవాణ్ణి," అంది మెల్లగా. గోడ పక్కనుంచి ముసలాయన ఒకడు, "ఆ మంచుకి ఇవన్నీ ఏం తెలుసమ్మా," అన్నాడు, కోపంగా.

నెవిల్ మైకు దగ్గరకి జరిగాడు. బోర్లించిన గడియారం తిప్పి చూశాడు. "సరే మరి," అన్నాడు.

కార్యక్రమం అయ్యాక టీ దగ్గర ఐవీ ఆవ్రిల్ పక్కన నిలబడింది. రోడ్డు దాటిపోలేదు. కప్పులో పంచదార కలుపుతూ, "ఆ వాటాలో కిటికీ సరిగ్గా పడదు," అంది. "చలికి చస్తాడు. బాగుచేయించమని మావాడికి చెప్తాను."

మధ్యాహ్నం రైలుకి నెవిల్ బయల్దేరాడు. ఆవ్రిల్ గ్యాసు మూడుసార్లు చూసుకుని, కోటు వేసుకుని అతని వెంట నడిచింది.

"ఎక్కడికే?"

"స్టేషన్‌కి."

అతను వింతగా చూశాడు. ప్లాట్‌ఫారం మీద చలిగాలి. నెవిల్ పెట్టె ఎక్కించి కిటికీలోంచి వంగాడు. "సామాను సర్దుకుని, ఇల్లు అప్పజెప్పి వచ్చేస్తాను. మూడు వారాలు."

నాన్న ఓడ కూడా మూడు వారాలకే వెళ్ళేది. ఆ మాట ఇద్దరికీ ఒక్కసారే తట్టింది.

"రెండు వారాల్లో రాలేవూ?" అంది.

"ఇది రైలే పిల్లా. లండన్ దారిలో మంచుకొండలేం లేవు."

రైలు కదిలింది. ఆవ్రిల్ రెండు చేతులూ కోటు జేబుల్లో కూరుకుని బిగించి పట్టుకుంది. నేల మీద రైలే, అయినా ఎందుకొచ్చిన గొడవ. కానీ కళ్ళు మాత్రం తిప్పుకోలేదు. ఆఖరి పెట్టె వంపు తిరిగి, పట్టాలు ఖాళీ అయి, పావురాలు మళ్ళీ దిగేదాకా అక్కడే నిలబడింది.

ఇంటికొచ్చాక కుర్చీ మీద నెవిల్ మర్చిపోయిన చొక్కా కనపడింది, గ్రేవీ మరకతో. తీసి గిన్నెల తొట్టి దాకా తీసుకెళ్ళింది. కుళాయి మీద చెయ్యి వేసి ఆగింది. మరక ఎండితే మరి పోదు, తెలుసు. చొక్కా మడిచి మళ్ళీ కుర్చీ మీద పెట్టింది. వాడొచ్చాక వాడే ఉతుక్కుంటాడు.