ఆయన పేరుతో రాసిన పరీక్ష

ఉల్లిపాయలు తరుగుతున్న చేతిని గుడ్డకు తుడుచుకుని ఆమె ఏడో ప్రశ్నకు జవాబు నొక్కింది. ఫోను భర్తది, పరీక్ష భర్తది, కళ్ల మంట మాత్రం ఆమెది.

మాటలు రాని పిల్లల్ని, సాయం లేనిదే కదల్లేని పెద్దల్ని సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్లే ఒక కంపెనీ వ్యానుకు అతను డ్రైవరు. అలాంటివాళ్లతో ఎలా మెలగాలో, వాళ్లకు హాని జరిగితే ఎలా గుర్తుపట్టాలో ఆ కంపెనీలో ప్రతి ఒక్కరూ ఏడాదికోసారి శిక్షణ తీసుకోవాలి, పరీక్ష రాయాలి. "చదువుకున్నదానివి కదా, ఆ గోలేదో నువ్వే చూడు," అన్నాడు మొదటిసారి. "మొగుడికి ఆ మాత్రం చేసిపెడితే చేతులేం అరిగిపోవు," అని అత్తగారు వంత పాడింది. అరగలేదు, నిజమే. నాలుగేళ్లుగా వంటకీ అంట్లకీ అత్తగారి మోకాళ్ల నూనెకీ మధ్య ఆ వీడియోలన్నీ ఆమే చూసింది. ప్రతిసారీ నూటికి నూరు. పోయినేడు కంపెనీవాళ్లు అతణ్ణి నిలబెట్టి చప్పట్లు కొట్టారట. అప్పుడిచ్చిన మెచ్చుకోలు కాగితం గోడకు కొట్టమని మేకు తెచ్చి ఆమె చేతికే ఇచ్చాడు.

మధ్యాహ్నం అన్నం తింటూ నవ్వాడు. "ఆ మాటలు రాని పిల్ల లేదూ, ఊరికే సీట్లోంచి లేస్తోంది. పొద్దున రెండు చేతులూ బెల్టుతో సీటుకి బిగించేశా. అరవలేదు కదా, ఎవరికీ తలనొప్పి లేదు."

"పోనీలే, దారికొచ్చింది," అంది అత్తగారు.

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. "చేతులు కందిపోయాయేమోనండీ..."

"మజ్జిగ పొయ్యి," అన్నాడు. తిని, మిగిలిన ప్రశ్న పూర్తి చేసెయ్యమని ఫోను ఆమె ముందుకు తోసి, పక్కగదిలో నడుం వాల్చాడు. నాలుగింటికి మళ్లీ వ్యాను తియ్యాలి, అదే పిల్లని ఇంటికి దింపాలి.

చివరి ప్రశ్న ఏటా వచ్చేదే. తోటి ఉద్యోగి హాని చేస్తున్నాడని తెలిస్తే మీరేం చేస్తారు? జవాబు ఆమెకు కంఠతా వచ్చు. వేలే కదల్లేదు. చెబితే అతని ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోయిన మగాడు ఇంట్లో ఎవరి మీద పడతాడో ఆమె ఏ వీడియోలోనూ చూడనక్కర్లేదు. పుట్టింటికి వెళ్తే అన్నకి 'సర్దుకుపో' తప్ప వేరే మాట రాదు. భయం వేసింది, చచ్చేంత భయం. ఊరుకుందామనే అనుకుంది. ఆ పిల్ల కూడా ఊరుకుంది కదా, నోరు లేక. కంచే చేను మేసింది, సరే. ఆ కంచె తెచ్చి అక్కడ పాతిందెవరు? తను కాదూ? ఏటా నూటికి నూరు తెచ్చి పాతలేదూ?

గడియారం మూడున్నర చూపిస్తోంది. వీడియో చివర్లో ఇచ్చే కంపెనీ ఫిర్యాదుల నంబరు నొక్కింది.

"మీరెవరమ్మా?" అంది అవతలి ఆడగొంతు.

"మీ వ్యాను డ్రైవరు భార్యనండీ." అతని పేరు, జరిగిందంతా చెప్పింది.

"ఆయన శిక్షణ పూర్తిచేసినట్టు ఉందే ఇక్కడ? మంచి మార్కులు కూడా..."

"ఆయన ఒక్క ప్రశ్నకీ జవాబు రాయలేదండీ. నాలుగేళ్లూ నేనే రాశాను. ముందు నా తప్పు రాసుకోండి, తర్వాత ఆయనది."

పక్కగదిలో మంచం కిర్రుమంది. "ఎవరితోనే?" అన్నాడతను.

ఆమె గొంతు తగ్గించలేదు. "నాలుగింటికి ఆ పిల్లని ఈయన వ్యాను ఎక్కనివ్వకండి."